తాత తుపాకీకి వారసులెవరు?

తెనాలి, బాపట్ల, రేపల్లె: భోషాణంలో పాతగుడ్డ చుట్టి దాచిన వేట తుపాకీ. తాతగారు కాలం చేశారు. లైసెన్సు మాత్రం ఇంకా ఆయన పేరుతోనే ఉంది. నగలను, పొలాన్ని పంచుకున్నట్లు దీనిని పంచుకోవడానికి వీల్లేదు. 'మన ఇంటిదే కదా' అని కదపకుండా ఉంచినా నేరమే. లైసెన్సు లేని తుపాకీ కలిగి ఉంటే 2019 సవరణ ప్రకారం రెండు నుంచి ఐదేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా పడవచ్చు.

లైసెన్సుదారు మరణించిన వెంటనే తుపాకీని, తూటాలను సమీప పోలీసుస్టేషనులో గానీ, లైసెన్సు గల ఆయుధ వ్యాపారి వద్ద గానీ అప్పగించాలని 1959 నాటి ఆయుధ చట్టంలోని 21వ సెక్షను చెబుతోంది. రసీదు తప్పక తీసుకోవాలి. అప్పగించినంత మాత్రాన హక్కు పోదు. నిర్ణీత గడువులోగా వారసులు లైసెన్సు పొంది వెనక్కి తెచ్చుకోవచ్చు, లేదా అర్హత గల మరొకరికి అమ్ముకోవచ్చు. గడువు దాటితే అది ప్రభుత్వపరమవుతుంది. ఎన్నో మంచి తుపాకులు ఇంటివారి అలసత్వం వల్లే ఇలా చేజారతాయి.

బతికుండగానే ఇవ్వవచ్చు

పెద్దాయన కన్నుమూసే వరకు ఆగనవసరం లేదు. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ ఆయన వద్ద 25 ఏళ్లు ఉన్నా, ఏది ముందైతే అప్పుడు, తాను ఎంచుకున్న వారసునికి లైసెన్సు కోరవచ్చునని 2016 ఆయుధ నిబంధనలు వీలు కల్పించాయి. పోలీసు విచారణ నివేదిక అందాకే అధికారి నిర్ణయం తీసుకుంటారు. వారసత్వమైనా ఒకరి వద్ద రెండు తుపాకులకు మించరాదు. 2019కి ముందు ఈ పరిమితి మూడు.

ఇంట్లో ఎవరికీ ఆసక్తి లేకపోతే? దాని విలువ తెలిసి, నూనె పెట్టి తుడిచి భద్రంగా చూసుకునే బయటి వ్యక్తికి ఇవ్వడమే మేలు. అయితే ఆయనకు ఆ రకం ఆయుధానికి లైసెన్సు ముందే ఉండాలి. గొట్టం లోపల మరచుట్లు గల రైఫిలుకూ, నునుపు గొట్టం తుపాకీకీ తేడా ఉంది. లైసెన్సులో ఏది రాసి ఉందో చూడాలి. లైసెన్సుదారు తానే అమ్మదలచినపుడు కొనే వ్యక్తి వివరాలతో కలెక్టరుకు గానీ, సమీప పోలీసుస్టేషనుకు గానీ రాతపూర్వకంగా తెలిపి, 45 రోజులు గడిచాకే అప్పగించాలి. చేతికి చేయి మార్చుకుని, కాగితాలు తర్వాత చూసుకుందామనుకుంటే ఇద్దరూ ఇరుక్కుంటారు.

ఏ కలెక్టరు వద్దకు?

పాత లైసెన్సులు ఉమ్మడి గుంటూరు జిల్లా నాటివి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడడంతో బాపట్ల, రేపల్లె వాసులు బాపట్లలోనూ, తెనాలి వారు గుంటూరులోనూ దరఖాస్తు చేసుకోవాలి.

రేపల్లె, నిజాంపట్నం వైపు మరో చిక్కు ఉంది. అక్కడి మడ అడవుల్లో కొంత భాగం కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం పరిధిలోకి వస్తుంది. అభయారణ్యానికి 10 కిలోమీటర్లలోపు కొత్త ఆయుధ లైసెన్సు ఇవ్వాలంటే రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి ముందస్తు సమ్మతి ఉండాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోనే వచ్చింది. వేట తుపాకీ పేరుకే మిగిలింది, కొత్త యజమాని దానితో జింకను గానీ, కొంగను గానీ కొట్టడానికి వీల్లేదు. గురి పోటీల సాధనకో, తాత జ్ఞాపకంగానో ఉంచుకోవాలి.

మరమ్మతు చేసినా పేలని పాతకాలపు ఆయుధానికి చట్టంలో మినహాయింపు ఉంది. అయితే తుప్పు పట్టినంత మాత్రాన అది పేలదని ఇంటివారే తేల్చుకోకుండా, స్టేషనులో చూపించి రాయించుకోవాలి.