ప్రతి బిడ్డకును ఒక వంతు

ఆదివారమునాడు ప్రొద్దుపొడుపువేళ విశాఖపట్టణమున ఏ మైదానమునకు పోయినను పిల్లలు కనబడుదురు. సముద్రతీరపు ఇసుకలోను, రైల్వేవారి మైదానమునందును, ఉక్కునగరపు వీథులలోను ఆడు ఆట మాత్రము ప్రాయికముగా ఒక్కటే. అది క్రికెట్. అక్కడ ఆడువారిని కాక, అంచున నిలిచియున్నవారిని ఒకసారి లెక్కించి చూడుడు. బ్యాటు ఎవరిదో వాని వంతు ముందు. గట్టిగా కొట్టువాని వంతు ఆ వెనుక. చిన్నవానికి మిగులునది దూరముపోయిన బంతిని తెచ్చిపెట్టు పని. బాలికలు ఆ దాపున కనబడుటయే అరుదు. పెద్దలు కొంచెము శ్రద్ధ వహించినచో ఈ లోపమును ఎట్లు దిద్దవచ్చునో తెలుపుటకు అమెరికాదేశమున పెరిగిన పిల్లల బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ లీగులు మంచి ఉదాహరణము.

మొదట ఆట ఎట్టిదో చూతము. కర్రాబిళ్ళయు, ఏడు పెంకులాటయు ఎరిగినవారికి ఇందలి సారము క్రొత్త కాదు. కొట్టుట, పరుగెత్తుట, విసరుట, పట్టుట, ఇంతియే. మైదానమున చతురస్రాకారముగా నాలుగు మూలలు గుర్తింతురు. వీనికి బేసులని పేరు. పిచర్ బంతిని నేలకు తగులనీయక విసరును. బ్యాటర్ గుండ్రని కర్రతో దానిని కొట్టి, బేసులను వరుసగా తాకి, బయలుదేరిన చోటికి చేరినచో ఒక పరుగు వచ్చును. ఒక్క ఊపున చుట్టిరానక్కరలేదు. నడుమ ఒక బేసుపై నిలిచి, తరువాతి బ్యాటర్ కొట్టినప్పుడు మరల పరుగెత్తవచ్చును. ముగ్గురు ఔటయినంతనే రెండు జట్లును స్థానములు మార్చుకొనును.

సాఫ్ట్‌బాల్ ఈ ఆటకు చెల్లెలు వంటిది. 1887లో చికాగో నగరమున చలికాలమందు ఇంటిలోపల ఆడుకొనుటకై ఇది పుట్టెను. బేస్‌బాల్ బంతి చుట్టుకొలత సుమారు 9 అంగుళములు. సాఫ్ట్‌బాల్ బంతి సాధారణముగా 12 అంగుళములు. ఇందు చేతిని క్రిందివైపునుండి త్రిప్పి బంతిని విసరుదురు. మైదానమును చిన్నది. పేరులో మెత్తదనమున్నను బంతి మెత్తనిది కాదు. కావున బ్యాటర్‌కు శిరస్త్రాణమును, వెనుక నిలుచు క్యాచర్‌కు ముఖకవచమును తప్పక యుండవలెను.

ఈ ఆటల నిర్మాణమునందే పిల్లలకు మేలుచేయు గుణమొకటి కలదు. క్రికెట్‌లో మొదటి ఇద్దరు కుదురుకొన్నచో పదునొకండవవాడు బ్యాటు పట్టకయే ఇంటికి పోవచ్చును. ఇక్కడ అట్లు కాదు. తొమ్మండుగురు నిర్ణీతమైన వరుసలో వత్తురు. ఎంత గొప్పగా కొట్టిన బాలుడైనను, మిగిలిన ఎనమండుగురి వంతులు ముగియువరకు వేచియుండవలసినదే. పిల్లల ఆటకు ఆరు ఇన్నింగ్సులు. ఇన్నింగ్సుకు ముగ్గురు ఔటగుదురు గనుక, ఆరును పూర్తిగా ఆడిన జట్టునకు తక్కువలో తక్కువ పదునెనిమిది వంతులు వచ్చితీరును. అనగా తొమ్మండుగురిలో ప్రతి స్థానమునకును రెండేసి వంతులు. దయాదాక్షిణ్యములతో పనిలేకుండ లెక్కయే ఆ న్యాయమును కాపాడుచున్నది.

దీనిని పిల్లలకొరకు ఒక వ్యవస్థగా రూపొందించినవాడు కార్ల్ స్టాట్జ్. పెన్సిల్వేనియా రాష్ట్రమునందలి విలియమ్స్‌పోర్టు పట్టణమున 1939లో ఆయన లిటిల్ లీగును ప్రారంభించెను. మొదట మూడే జట్లు. ఒక కలప వర్తకసంస్థయు, ఒక పాలడైరీయు, ఒక చిరుతిండ్ల సంస్థయు వాని వ్యయమును భరించెను. పెద్దల మైదానమున బేసులమధ్య దూరము 90 అడుగులు. చిన్న కాళ్ళకు అది మించిన దూరమని గ్రహించి, స్టాట్జ్ పిల్లలను పరుగెత్తించి చూచి తగిన కొలతలను నిర్ణయించెను. నేడు లిటిల్ లీగున ఆ దూరము 60 అడుగులు. పిల్లవానిని మైదానమునకు సరిపెట్టక, మైదానమును పిల్లవానికి సరిపెట్టుటయే ఆయన చేసిన గొప్ప పని.

తరువాతి కాలమున ఏర్పడిన నియమములును ఆ త్రోవలోనివే. జట్టులోని ప్రతి బిడ్డయు ఆటలో కనీసము ఒకసారి బ్యాటు పట్టవలెను. కొంతసేపు మైదానమునను నిలువవలెను. బాలికలకు మాత్రము మొదట ప్రవేశము లేకుండెను. 1972లో న్యూజెర్సీ రాష్ట్రమున మరియా పెపే అను బాలిక మూడు ఆటలు ఆడిన పిమ్మట ఆమెను తొలగించిరి. దానిపై వ్యాజ్యము నడచెను. ఫలితముగా 1974లో తలుపులు తెరువబడెను. నేడు వేలకొలది తెలుగు కుటుంబములు నివసించు రాష్ట్రమే అది.

మరియొక నియమము మన తల్లిదండ్రులు ప్రత్యేకముగా గమనింపదగినది. ఎదుగుచున్న బిడ్డ ఎముకల కొనలు ఇంకను గట్టిపడియుండవు. ఒకే చేతితో మరల మరల బలముగా విసరినచో మోచేతి లోపలి భాగము గుంజబడి దెబ్బతినును. అందుచేత 2007 నుండి బేస్‌బాల్ లిటిల్ లీగున విసరుల సంఖ్యకే హద్దు పెట్టిరి. పదునొకండు, పండ్రెండు ఏండ్లవారు ఒకనాడు 85 విసరులకు మించరాదు. 66 గాని అంతకు మించి గాని విసరినచో నాలుగు దినములు విశ్రాంతి. గెలుపునకు ఇంక ఒక్క ఔటే కావలసియున్నను ఈ హద్దును మన్నింపక తప్పదు. మన వీథులలో ఉదయమునుండి సాయంకాలమువరకు వేగముగా బంతులు వేయు బాలుని భుజమునుగూర్చి, వెన్నెముకనుగూర్చి ఇట్టి లెక్క ఉంచువారు ఎందరు?

ఈ ఆటలు మనకు పూర్తిగా అపరిచితములు కావు. భారత సాఫ్ట్‌బాల్ సమాఖ్య 1961లో జోధపూర్ నగరమున ఏర్పడెను. పాఠశాలల జాతీయక్రీడలలో ఈ రెండు ఆటలకును చోటు లభించెను. అనంతపురమున, విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ క్రీడాగ్రామమున పల్లెల బాలికలు సాఫ్ట్‌బాల్ నేర్చిరి. 2028లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్ క్రీడలకును ఈ రెండింటిని స్వీకరించిరి.

అయినను మన పాఠశాలల పోటీలలో తరచుగా జరుగునది ఓడిన జట్టును తొలగించు పద్ధతి. ఎనిమిది జట్లు వచ్చినచో మొత్తము ఏడు ఆటలతో పోటీ ముగియును. నాలుగు జట్లు ఒక్క ఆట ఆడి, మొదటిరోజే సంచులు సర్దుకొనును. నేర్చుకొనవలసిన అవసరము ఎవరికి ఎక్కువయో వారికే ఆట తక్కువ. లీగు పద్ధతియందు ప్రతి జట్టును మిగిలిన ఏడింటితో ఆడును. ఆటలు ఇరువదియెనిమిది. ఈ వారము ఓడిన బిడ్డకు వచ్చే వారము మరల అవకాశము కలదు. ఓటమిని ఓర్చుకొని తిరిగి వచ్చుట అను విద్య అట్లు గాని అలవడదు.

విశాఖలో ఇది సాధ్యము కాని పని కాదు. ఎనిమిది పాఠశాలలు, రెండు మైదానములు చాలును. ఆదివారము ఎండ ముదురకముందు ఒక్కొక్క మైదానమున ఒక ఆట, సాయంకాలము చల్లబడిన పిమ్మట మరియొకటి జరిపినచో, ఇరువదియెనిమిది ఆటలును ఏడు ఆదివారములలో పూర్తియగును. తుపానుల దినములు గడచిన పిమ్మట ప్రారంభించినచో పరీక్షలకు ముందే ముగింపవచ్చును. చేతితొడుగులు ప్రతి బిడ్డకును కొననక్కరలేదు. ఒక జట్టు బ్యాటు పట్టునప్పుడు రెండవది మైదానమున నుండును గనుక, ఒక ఆటకు తొమ్మిది తొడుగులును, ఎడమచేతివాటము వారికై ఒకటి రెండును చాలును. 1933లో ఓడరేవు తెరచిన నాటినుండి పెద్ద పెద్ద సంస్థలు పెరిగిన నగరమిది. విలియమ్స్‌పోర్టున కలప వర్తకులును, పాలవారును చేసినది ఇక్కడివారికి భారము కాబోదు.

అట్టి లీగు ఏర్పడిననాడు పెద్దలు గుర్తుంచుకొనవలసినది ఒక్కటే. ఆట ముగిసి బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు, ‘గెలిచితిరా?’ అని అడుగుటకు ముందు ‘నీ వంతు వచ్చినదా?’ అని అడుగవలెను.