పసుపు, మిరియం, నడుమ మాత్ర

మన పెరళ్లలో ఎవరూ నాటకుండానే మొలిచే బిళ్ళగన్నేరు ఆకుల్లోంచే విన్‌క్రిస్టిన్ వచ్చింది. 1960ల నుంచీ పిల్లల రక్త క్యాన్సర్‌కు దాన్ని వాడుతున్నారు. పసరు మందులతో ఏమవుతుందని తీసిపారేసే డాక్టరుదీ, ఆకుమందేగా, చెడు చేయదని ధైర్యం చెప్పే మేనత్తదీ ఒకటే పొరపాటు. చెట్టుకు అంత బలం లేదని ఇద్దరి నమ్మకం.

ఆ బలం ముందుగా తగిలేది కాలేయానికి. మనం మింగే మందుల్లో చాలావాటిని విరిచి సాగనంపే పని అక్కడి ఎంజైములది. ఐరోపాలో దిగులు పోవడానికి వాడే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మొక్క, సీవైపీ3ఏ4 అనే ఎంజైమును మరింతగా పుట్టిస్తుంది. నెదర్లాండ్స్ పరిశోధకులు ఐరినోటెకాన్ ఎక్కించుకుంటున్న ఐదుగురు రోగులకు ఆ మొక్క మాత్రలిచ్చి చూసి 2002లో ఫలితం ప్రకటించారు. ఆ మందు ఒంట్లో మారాక క్యాన్సర్ కణాల్ని చంపే రూపం రక్తంలో 42 శాతం పడిపోయింది. సెలైన్‌లో కలిపిన మోతాదు మాత్రం మారలేదు!

మన వంటింటి కథ ఇంకా చిత్రం. పసుపులోని కర్క్యుమిన్ ఒంటికి సరిగా పట్టదు. 1998లో బెంగళూరు పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపరిన్ (మిరియానికి ఘాటునిచ్చేది అదే) జోడిస్తే రక్తంలోకి చేరేది సుమారు 20 రెట్లయింది. పసుపు గుళికల సీసాల మీద మిరియం పేరు కనిపించేది అందుకే. అయితే పైపరిన్ చేసేదల్లా పేగులూ కాలేయమూ పదార్థాల్ని వదిలించుకునే పనిని నెమ్మదింపజేయడం. పక్కనున్నది పసుపా, కీమో మందా అని అది చూడదు.

రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామోక్సిఫెన్‌నే తీసుకోండి. కాలేయంలో ఎండాక్సిఫెన్‌గా మారితేనే అది గట్టిగా పనిచేస్తుంది. పసుపు-మిరియం గుళికలతో ఆ ఎండాక్సిఫెన్ సుమారు 12 శాతం తగ్గినట్టు 2019లో వచ్చిన అధ్యయనం చూపింది. పెద్ద పతనమేం కాదు. కానీ ఏళ్ల తరబడి మింగే మాత్ర అది. పప్పులో వేసే చిటికెడు పసుపు, చారులో మిరియాల పొడి జోలికి నేను పోవడం లేదు. నా గొడవ గ్రాముల లెక్కన మింగే గుళికలతోనే. తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసుల్ని 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. కీమో మందుల్లో చాలావాటి భారం ఆ కాలేయం మీదే.

ఓపీలో "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అంటే చాలామంది లేదండీ అంటారు. అబద్ధం కాదు, వాళ్ల దృష్టిలో కషాయం మందు కాదు. "పొద్దున లేచింది మొదలు ఏమేం తాగుతున్నారమ్మా, ఏమేం మింగుతున్నారు?" అంటే సంచిలోంచి సీసాలు ఒక్కొక్కటే బల్ల మీదికొస్తాయి.