తల్లికోడికి ఫ్లూ వస్తే మునిగేదెవలు?

బర్డ్ ఫ్లూ అనంగనే టీవీలల్ల ఒక్కటే లొల్లి: చికెన్ తినాల్నా, వద్దా? లోపలి దాకా 70 డిగ్రీల వేడి తగిలేటట్టు ఉడికిస్తే వైరస్ చస్తది. ఆ ముచ్చట ఆడికి అయిపోయింది. అడగాల్సింది వేరే ఉంది. పిల్లలనిచ్చే తల్లికోళ్లకే ఈ రోగం వస్తే ఎవలు మునుగుతరు?

మన ఊర్ల షెడ్డులకొచ్చే బాయిలర్ పిల్ల ఊకెనే రాదు. బ్రీడర్ ఫారంల తల్లికోడి దాదాపు ఆర్నెల్లు దాణా తిన్నంకనే గుడ్డు మొదలువెడ్తది. ఆ గుడ్డు హ్యాచరీల 21 రోజులుంటే పిల్లయితది. ఒక్క తల్లికోడి తన కాలంల నూరుకు పైగా పిల్లలనిస్తది. అది పోతే గా పిల్లలన్నీ పోయినట్టే.

ఈ ఫ్లూ రెండు తీర్లు. హెచ్5ఎన్1 వస్తే రోజులల్లనే షెడ్డుకు షెడ్డే ఖాళీ అయితది. 2025 ఫిబ్రవరిల గోదావరి జిల్లాలల్ల కోళ్లను చంపింది గిదే. రెండోది హెచ్9ఎన్2. ఇది చప్పుడు చెయ్యదు. కోడి బతికే ఉంటది గానీ గుడ్లు పడిపోతయి. పెంకు పలచనైతది, రంగు తగ్గుతది, హ్యాచరీల పిల్లలు తక్కువైతయి. కొక్కెర తెగులుకు గూడ గుడ్లు తగ్గుతయి కాబట్టి, పరీక్ష చేస్తే తప్ప ఏదో తెల్వదు.

హెచ్5ఎన్1 ఖాయమైతే చుట్టూ కిలోమీటరు దాకా కోళ్లన్నిటిని చంపి పూడ్చిపెడ్తరు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెడ్తరు. పరిహారం సర్కారు చంపించిన కోళ్లకే. రోగంతోని చచ్చినయాటికి పైస రాదు. అందుకే దాచిపెట్టి ఆలస్యం జేస్తే ముందు మునిగేది ఫారమోడే.

కాంట్రాక్టు రైతు సంగతేంది? కోళ్లు కంపెనీయి, షెడ్డు, కరెంటు బిల్లు, కాయకష్టం రైతుయి. తల్లికోళ్లు పోతే పిల్లలు రావు. ఖాళీ షెడ్డుకు పెంపకం కూలి రాదు. బ్యాంకు కిస్తీ మాత్రం ఆగదు. ఇగ చచ్చిన కోళ్లను ఎత్తిపోసే కూలీలకు పని పోతది, రోగం అంటుకునే ముప్పు గూడ ముందుగాల వాళ్లకే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ ఊరి ఫారంల కోళ్లు ఒక్కసారే చస్తున్నా, గుడ్లు ఒక్కసారే తగ్గినా పశువుల డాక్టరుకు అదే రోజు చెప్పున్రి. చచ్చిన కోళ్లను చెరువుల, కాల్వల ఎయ్యనియ్యకున్రి. ఉత్తచేతులతోని ముట్టకున్రి. సర్కారును గూడ గట్టిగ అడగున్రి: కోడికి లెక్కగట్టే పరిహారంల ఖాళీ షెడ్డు రైతు ఏడున్నడు? పని పోయిన కూలీ ఏడున్నడు?