పెట్టెలో మిగిలిన తొలి నాదాలు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో రేడియో వినే ఇండ్లలో అటకమీద ఒక అట్టపెట్టె కూడా తరచుగా కనబడుతుంది. అందులో పాత క్యాసెట్లు ఉంటవి. కొన్ని సినిమా పాటలవి, కొన్ని హరికథలవి, కొన్నింటి మీద ఏ పేరూ వ్రాసి ఉండదు. పేరు వ్రాయని ఆ క్యాసెట్లను గురించియే ఈ ప్రసంగం.

వనపర్తిలో మా మేనమామ ఒకరు ఉండేవారు. 1990 ప్రాంతంలో ఆయన పెండ్లి మేళాలలో ఎలక్ట్రానిక్ కీబోర్డు వాయించేవారు. పగలంతా మేళంలో ఇతరులు కోరిన పాటలు వాయించి, రాత్రి ఇంటికి వచ్చిన తరువాత తలుపు దగ్గరకు వేసి, టేప్‌రికార్డరును మంచంమీద పెట్టుకొని, తాను సొంతముగా కూర్చిన వరుసలను క్యాసెట్లలో నింపుకొనేవారు. వాటిని ఎవరికో అమ్మవలెనని కాదు; మరునాడు తానే విని, ఎక్కడ బాగున్నది, ఎక్కడ బాగులేదు అని చూచుకొనుటకు. అప్పటికి బడిపిల్లలమైన మేము ఆ క్యాసెట్లలో ఒకదానిని తీసి, రేడియోలో వస్తున్న క్రికెట్ వ్యాఖ్యానాన్ని దానిమీద నింపినాము. సంగతి తెలిసిన తరువాత ఆయన కోపపడలేదు. "పోనీ తీ అల్లుడా, మల్ల వాయిస్త" అన్నారు. ఆ వరుసను ఆయన మరల వాయించగా మేము వినలేదు.

ఆయన కాలం చేసిన తరువాత, దినవారాలు ముగిసిన నాడు మా అత్తమ్మ ఆ అట్టపెట్టెను మా ముందు పెట్టినారు. "పారేద్దామనుకున్న నాయనా. నువ్వు రేడియోల పనిచేస్తవు గద, ఒకసారి చూడు" అన్నారు. చూచినాము. ఆనాటి క్యాసెట్టు అందులోనే ఉన్నది. వ్యాఖ్యానం ముగిసిన పిమ్మట, చివర నాలుగు నిమిషాలు మా చేతిలో పడక మిగిలి ఉన్నవి.

ఆ నాలుగు నిమిషాలలో మొదట ఫ్యాను తిరిగే చప్పుడు. తరువాత కీబోర్డుమీద ఒక చిన్న వరుస. అది కిన్నెరమీద వినబడే జానపదపు వరుస అని రెండవసారి వింటే గాని మాకు తెలియలేదు. నాగర్‌కర్నూలు జిల్లా కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ లభించిన పిదప పన్నెండు మెట్ల కిన్నెర పేరు దేశమంతటా వినబడినది. వెదురు దండికి సొరబుర్రలు కట్టి, మైనంతో మెట్లు నిలిపిన ఆ వాద్యంలో వ్రేలిని కొంచెము కదిపితే స్వరం ఊగుతుంది, ఒక స్వరంనుండి మరొక స్వరానికి జారుతుంది. సాధారణమైన కీబోర్డులో ఈ సౌకర్యం లేదు. ప్రతి మీటకూ ఒకే శ్రుతి. రెండు మీటల నడుమ దారి లేదు. మా మేనమామ ఆ లేని దారిని వెదకుచున్నారు. ప్రక్కప్రక్క మీటలను వెంటవెంటనే నొక్కి చూచినారు. కుదరలేదు. ఐదు మార్లు ప్రయత్నించి "ఊహూఁ" అని ఆగినారు. ఆరవ మారు మొదటి మీటను వదలకముందే రెండవదానిని మెల్లగా తాకినారు. కిన్నెర పూర్తిగా రాలేదు గాని, దాని నీడ వచ్చినది. అక్కడ టేపు అయిపోయినది.

పూర్తియైన పాట సంగీతకారుడు ఎక్కడికి చేరినాడో చెబుతుంది. ఇంటిలో నింపుకొన్న తొలి ప్రయత్నం అతడు దేనిని వెదకినాడో చెబుతుంది. ఈ రెండవది మరియొక చోట దొరకదు. పెండ్లి మేళంలో ఆయనను విన్నవారెవరికీ ఆ ఆరు ప్రయత్నాల సంగతి తెలియదు.

మా మేనమామ వెదకిన జారు ఎలక్ట్రానిక్ వాద్యానికి అసాధ్యమైనది కాదు. అమెరికాలో రాబర్ట్ మూగ్ 1964లో రూపొందించిన సింథసైజరులో స్వరాన్ని నిర్ణయించేది వోల్టేజి. వోల్టేజి ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి, అనగా మధ్య షడ్జం నుండి తార షడ్జానికి, ఎక్కుతుంది. దానిని మెల్లగా పెంచినచో నడుమనున్న శ్రుతులన్నిటి మీదుగా స్వరం జారుతూ పోతుంది. మన గమకానికి అనువైన ఈ యంత్రం మన దేశానికి ఎప్పుడు వచ్చినది? సినిమా పాటలతో వచ్చినదని పలువురి అభిప్రాయము. నిజానికి అది 1969లోనే అహమ్మదాబాదుకు చేరినది.

అక్కడి జాతీయ డిజైను సంస్థ 1961లో ఏర్పడినది. దానితో సంబంధమున్న సారాభాయి కుటుంబానికి చెందిన గీతా సారాభాయి 1946లో న్యూయార్కులో స్వరకర్త జాన్ కేజ్‌కు భారతీయ సంగీతాన్ని పరిచయం చేసి, ఆయనవద్ద పాశ్చాత్య సంగీతాన్ని అభ్యసించినారు. ఆ స్నేహబంధం ఫలించి, కేజ్ సహచరుడు డేవిడ్ ట్యూడర్ 1969లో అహమ్మదాబాదుకు వచ్చి, మూగ్ సింథసైజరుతోను, టేపు యంత్రాలతోను ఒక స్టూడియోను నెలకొల్పినాడు. గీతా సారాభాయి, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయి, ఎస్.సి. శర్మ, విద్యార్థిగానున్న జినరాజ్ జోషీపుర అక్కడ ధ్వనులను పరీక్షించి చూచినారు. వీరిలో అతుల్ దేశాయి 1970 నాటి ఒసాకా ప్రపంచ ప్రదర్శన కొరకు కూడా ధ్వనులు కూర్చినారు. కొద్ది సంవత్సరాలకే స్టూడియో మూతపడినది. టేపు చుట్టలు మాత్రం సంస్థ భాండాగారంలో ఉండిపోయినవి.

దశాబ్దాల తరువాత బ్రిటిషు సంగీతకారుడు పాల్ పర్గస్ వాటిని వెదకి తీసి వినినాడు. 2020లో వాటి కథ బి.బి.సి. రేడియోలో ప్రసారమైనది, 2023లో ఎంపిక చేసిన భాగాలు సంకలనముగా వెలువడినవి. ఆ టేపులలో తడబాటు ఉన్నది, ఆశ్చర్యమున్నది, యంత్రంతో క్రొత్తగా పరిచయమవుతున్నవారి ఉత్సాహమున్నది. అవి వినబడిన నాటినుండి మన దేశపు ఎలక్ట్రానిక్ సంగీత చరిత్రను 1969 నుండి చెప్పుకొనవలసి వచ్చినది. మారినది చరిత్ర కాదు. పెట్టె తెరచినారు, అంతే.

రేడియో రంగంలోని ఉదాహరణ ఒకటి. బి.బి.సి.లో ప్రత్యేక ధ్వనుల తయారీకి 1958లో ఏర్పడిన విభాగంలో డెలియా డర్బీషైర్ పనిచేసినారు. టేపును బ్లేడుతో కోసి, ముక్కలను అతికించి సంగీతం తయారుచేసిన కాలమది. 1963లో 'డాక్టర్ హూ' నాటకపు ప్రారంభ సంగీతానికి ఆమె ఇచ్చిన ధ్వనిరూపం ప్రసిద్ధమైనది. 2001లో ఆమె మరణించిన తరువాత ఇంటి అటకమీద 267 టేపు చుట్టలు దొరికినవి. అవి 2007లో మాంచెస్టరు విశ్వవిద్యాలయానికి చేరినవి. ఎంతటివారికైనా తొలి ప్రయత్నాలు చేరే చోటు అటకయే.

మన ప్రాంతానికి ఈ పాఠం క్రొత్తది కాదు. తెలంగాణంలో కవులు లేరన్న మాట పుట్టినప్పుడు గద్వాల ప్రాంతపు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి వాదమునకు దిగలేదు. ఊరూరినుండి పద్యాలు తెప్పించి, 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించినారు. అందులో 354 మంది కవులు కనబడినారు. వారు లేకపోలేదు, వారి కాగితాలు ఇండ్లలో ఉన్నవి. తాళపత్రాలకు సంస్థానాల ఆదరణ దొరికినది. క్యాసెట్లకు ఏ సంస్థానమూ లేదు, ఇంటివారే దిక్కు.

ఆలస్యం చేయుటకు వీలు లేదు. క్యాసెట్టులోని టేపు పలుచని ప్లాస్టిక్ పట్టీ. దానిమీద జిగురుతో నిలిపిన అయస్కాంతపు పొడిలోనే ధ్వని ఉంటుంది. మన ఎండలకు, అటకమీది వేడికి, వానకాలపు చెమ్మకు ఆ జిగురు చెడి పొడి రాలుతుంది. టేపుమీద తెల్లని బూజు కనబడితే వాయించరాదు, తెలిసినవారికి చూపవలెను. బాగున్నదానిని కూడా ముందుగా ఒకసారి చివరివరకు త్రిప్పి, వెనుకకు త్రిప్పి, ఆ తరువాతనే వినవలెను. టేప్‌రికార్డరు హెడ్‌ఫోను రంధ్రమునుండి తీగతో కంప్యూటరుకు కలిపి, ఎం.పి.3గా కుదించక, వేవ్ ఫైలుగా భద్రపరచుట మేలు. ఫ్యాను చప్పుడును, దగ్గును, "ఊహూఁ"ను తుడిచివేయవద్దు. శుభ్రపరచిన ప్రతి కావలెనన్న వేరుగా చేసుకొనవచ్చును. ఎవరు వాయించినది, ఏ ఊరు, ఏ సంవత్సరమో తెలిసిన పెద్దలు ఉండగానే అడిగి వ్రాసి ఉంచవలెను.

అన్నిటికంటె ముందు చేయవలసిన పని అతి చిన్నది. క్యాసెట్టు వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలుంటవి. వాటిని విరిచివేసినచో రికార్డు మీట దిగదు. రికార్డు చేయునప్పుడు యంత్రం ముందుగా పాత ధ్వనిని చెరిపి, ఆ తరువాత క్రొత్తదానిని నింపుతుంది. చెరిగినది ఏ విద్యచేతను తిరిగి రాదు. పిల్లవాని చేతికి దొరికినా క్షేమముగా ఉండుటకు ఆ రెండు పలకలు విరిచిన చాలును.

మా మేనమామ క్యాసెట్టుకు అవి ఇంకను చెక్కుచెదరక ఉన్నవి. నాలుగు నిమిషాలకు నకలు తీసిన తరువాత వాటిని మా చేతులతోనే విరిచినాము.