మాత్ర మానొద్దు... మార్చుకోవచ్చు!

హెచ్‌ఐవీకి మందే లేదన్నది ఒకనాటి మాట. మందుంది కానీ దాంతో వచ్చే ఇబ్బందులే ఎక్కువన్నది నిన్నటి మాట. ఆ ఇబ్బందులకూ విరుగుడు ఉందన్నది ఇప్పటి మాట. మూడు మాటల మధ్య దాదాపు నలభై ఏళ్ల పరిశోధన ఉంది. అందులో మన హైదరాబాద్‌ వాటా తక్కువేం కాదు!

నయాపూల్‌ మీద నుంచి చూస్తే మూసీ ఒడ్డున గుమ్మటాలతో ఠీవిగా కనిపిస్తుంది ఉస్మానియా ఆస్పత్రి భవనం. 1908 వరదల తర్వాత ఏడో నిజాం మీర్‌ ఉస్మాన్‌ అలీఖాన్‌ హయాంలో కట్టించింది. పాతబస్తీ పేదలకు తరతరాలుగా అదే పెద్దదిక్కు. 2004 ఏప్రిల్‌ 1న కేంద్ర ప్రభుత్వం హెచ్‌ఐవీ బాధితులకు ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం మొదలుపెట్టింది. వ్యాధి తీవ్రత ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాలను అందుకు ఎంచుకుంటే వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ ఒకటి. అలా ఉస్మానియాలోనూ ఏఆర్‌టీ కేంద్రం వెలిసింది.

మందు చేతికొచ్చింది. కానీ కథ అక్కడితో అయిపోలేదు. ఇది వారం రోజులు వేసుకుని వదిలేసే మందు కాదు, జీవితాంతం వేసుకోవాలి. అలాంటి మందు వాంతులు తెప్పిస్తే? కాళ్లు మంటలెత్తిస్తే? రాత్రిళ్లు పిచ్చి కలలు తెస్తే? చాలామంది చేసే పని ఒకటే... ఎవరికీ చెప్పకుండా మానేయడం. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. మందు మోతాదు తగ్గగానే వైరస్‌ మళ్లీ పుంజుకుంటుంది. అరకొర మందును తట్టుకుని రాటుదేలుతుంది. ఆ తర్వాత అదే మందు పూర్తిగా వేసుకున్నా పనిచేయకపోవచ్చు. అందుకే దుష్ప్రభావాలను తగ్గించడమంటే రోగికి సుఖం కలిగించడం మాత్రమే కాదు, అతని ప్రాణం నిలబెట్టడం.

తార్నాకలో తొలి అడుగు

హెచ్‌ఐవీ మీద పనిచేసిన తొలి మందు ఏజడ్‌టీ. దీనికే జిడోవుడిన్‌ అని మరో పేరు. అమెరికా శాస్త్రవేత్త జెరోమ్‌ హార్విట్జ్‌ 1964లో క్యాన్సర్‌ కోసం తయారుచేస్తే ఆ పనికి పనికిరాలేదు. 1987లో అదే ఎయిడ్స్‌ మందుగా అనుమతి పొందింది. ఏడాదికయ్యే ఖర్చు దాదాపు 8 వేల నుంచి 10 వేల డాలర్లు! మనవాళ్లెవరికి అందుతుంది?

దాన్ని ఇక్కడే తయారుచేసే పద్ధతి కనిపెట్టింది తార్నాకలోని ఐఐసీటీ. గుంటూరులో పుట్టి ఆ సంస్థకు డైరెక్టర్‌గా ఎదిగిన రసాయన శాస్త్రవేత్త డాక్టర్‌ ఎ.వి.రామారావు ఆధ్వర్యంలో ఆ పని జరిగింది. 1993లో సిప్లా కంపెనీ ఆ మందును దేశంలో అమ్మకానికి తెచ్చింది. మందు మీద కాకుండా తయారీ పద్ధతి మీదే పేటెంట్‌ ఇచ్చే 1970 నాటి చట్టం అప్పటికి అమల్లో ఉండటం కలిసొచ్చింది. 2001 ఫిబ్రవరిలో అదే సిప్లా మూడు మందుల చికిత్సను ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామని ప్రకటించేసరికి ప్రపంచం నివ్వెరపోయింది. తర్వాత హైదరాబాద్‌ కంపెనీలు హెటెరో, అరబిందో, మ్యాట్రిక్స్‌ రంగంలోకి దిగాయి. పేద దేశాల హెచ్‌ఐవీ రోగులు వేసుకునే మాత్రల్లో పెద్ద భాగం మన దేశం నుంచే వెళ్లే రోజులొచ్చాయి.

ముఖమే గుట్టు విప్పింది!

తొలి రోజుల ఉచిత చికిత్సలో ప్రధానమైన మందు స్టావుడిన్‌. చౌక. మరణం అంచున ఉన్నవాళ్లను లేపి కూర్చోబెట్టింది. కానీ ఏడాదో రెండేళ్లో గడిచేసరికి దాని రెండో ముఖం కనిపించేది. అరికాళ్లు మండటం, తిమ్మిర్లు. బుగ్గలు లోపలికి పీక్కుపోవడం, కాళ్లూ చేతులూ పుల్లల్లా సన్నబడటం. అరుదుగానే అయినా, రక్తంలో లాక్టిక్‌ ఆమ్లం పేరుకుని ప్రాణం మీదికి రావడం.

ఎందుకిలా? వైరస్‌ తన నకళ్లు తీసుకోవడానికి ఒక ఎంజైమును వాడుకుంటుంది. గోడ కడుతున్న మేస్త్రికి నకిలీ ఇటుక అందించినట్టు, ఈ మందు ఆ ఎంజైముకు నకిలీ సరుకు అందిస్తుంది. పని ఆగిపోతుంది. అయితే మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలోనూ అలాంటి మేస్త్రే ఒకడున్నాడు. వాడూ మోసపోతాడు. దాంతో నరాలు, కొవ్వు కణాలు దెబ్బతింటాయి.

ఇరుకు గల్లీలు, గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు, ఒకే గడప వెనక మూడు తరాల కుటుంబాలు... పాతబస్తీ లాంటి చోట ఇది ఒంటి బాధ మాత్రమే కాదు. డబ్బా మీది కాగితం చించేసి మాత్రలు దాచుకోవచ్చు. పీక్కుపోయిన బుగ్గల్ని ఎక్కడ దాచుకుంటారు? పేరు చెప్పకపోయినా ముఖమే గుట్టు విప్పేది. ఆ భయంతోనే మందు వదిలేసినవాళ్లు ఉన్నారు.

పరిశోధనలు ఊరుకోలేదు. మోతాదు తగ్గించినా మందు పనిచేస్తుందని తేలడంతో 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 30 మిల్లీగ్రాములు చాలంది. 2009లో అసలు స్టావుడిన్‌నే క్రమంగా ఆపేయమంది. తర్వాత మన దేశమూ దాన్ని పక్కన పెట్టింది.

ఒక్కో మందుకు ఒక్కో చిక్కు

జిడోవుడిన్‌తో రక్తహీనత వస్తుంది. అసలే రక్తం తక్కువగా ఉండే మన ఆడవాళ్లకు ఇది పెద్ద సమస్య. అందుకే హిమోగ్లోబిన్‌ చూసుకుంటూ ఇవ్వాలన్న నియమం వచ్చింది.

నెవిరపిన్‌తో ఒంటిమీద దద్దుర్లు, కొందరికి కాలేయానికి దెబ్బ. మొదటి రెండు వారాలు సగం మోతాదు ఇచ్చి తర్వాత పెంచితే దద్దుర్ల బెడద తగ్గుతుందని గుర్తించారు.

ఎఫవిరెంజ్‌తో తల తిరగడం, చిత్రవిచిత్రమైన కలలు, దిగులు. కొవ్వెక్కువున్న భోజనం చేశాక వేసుకుంటే మందు రక్తంలోకి ఎక్కువగా చేరి ఈ తిప్పలు పెరుగుతాయి. హలీం తిన్న వెంటనే వద్దు, ఖాళీ కడుపుతో పడుకునే ముందు వేసుకోవాలన్న సలహా అందుకే.

టెనోఫోవిర్‌తో కొందరికి మూత్రపిండాలు, ఎముకలు బలహీనపడతాయి. క్రియాటినిన్‌ పరీక్ష చేస్తుంటే ముందే పసిగట్టవచ్చు.

బోట్స్‌వానా నుంచి ఓ హెచ్చరిక

2013లో అమెరికాలో అనుమతి పొందిన డోలుటెగ్రావిర్‌ చికిత్స తీరునే మార్చేసింది. వైరస్‌ను త్వరగా అణచేస్తుంది, దానికి తేలిగ్గా లొంగదు, దుష్ప్రభావాలు తక్కువ. టెనోఫోవిర్‌, లామివుడిన్‌లతో కలిపి రోజుకు ఒకే మాత్రగా తయారైంది. దానిపేరే టీఎల్‌డీ. 2017లో అరబిందో, మైలాన్‌ కంపెనీలు దీన్ని పేద దేశాలకు ఏడాదికి సుమారు 75 డాలర్లకే ఇచ్చేలా ఒప్పందం కుదిరింది. ఆ మైలాన్‌ మన మ్యాట్రిక్స్‌ను కొన్న కంపెనీయే!

అంతా బాగుందనుకుంటుండగా 2018 మేలో బోట్స్‌వానా నుంచి పిడుగులాంటి వార్త. గర్భం దాల్చే సమయానికే ఈ మందు వాడుతున్న తల్లులకు పుట్టిన 426 మంది శిశువుల్లో నలుగురికి వెన్నుపాము, మెదడు లోపాలు కనిపించాయి. మామూలుగా వెయ్యికి ఒకరికి మించదు. చాలా దేశాలు పిల్లల్ని కనే వయసు స్త్రీలకు ఆ మందు ఇవ్వడానికి వెనకాడాయి. మగవాళ్లకు మంచి మందు, ఆడవాళ్లకు పాత మందు! పరిశోధకులు లెక్క ఆపలేదు. మరుసటి ఏడాదికి కాన్పుల సంఖ్య 1,683కు చేరితే లోపాలున్న శిశువులు ఐదుగురే. 2019 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ ఇదే తొలి మందుగా సిఫార్సు చేసింది. 2022 నాటికి ఆ తేడా దాదాపు పూర్తిగా చెరిగిపోయింది. మన దేశంలోనూ టీఎల్‌డీయే ప్రధాన చికిత్స అయింది.

దీనికీ చిక్కులు లేకపోలేదు. కొందరు బరువు పెరుగుతారు, కొందరికి నిద్ర పట్టదు. అలాంటివాళ్లు డాక్టర్ని అడిగి మాత్రను పొద్దున పూటకు మార్చుకోవచ్చు. మధుమేహులు వాడే మెట్‌ఫార్మిన్‌ రక్తంలో పెరిగిపోతుంది కాబట్టి దాని మోతాదు రోజుకు వెయ్యి మిల్లీగ్రాములు మించకుండా చూస్తారు. క్షయ కూడా ఉండి రిఫాంపిసిన్‌ వాడుతుంటే డోలుటెగ్రావిర్‌ను రోజుకు రెండుసార్లు ఇస్తారు.

రంజాన్‌లో ఎలా?

పాతబస్తీలో ఏటా వచ్చే ప్రశ్న ఇది. రోజుకు రెండుసార్లు మాత్రలు వేసుకునే కాలంలో సహర్‌కు ఒకటి, ఇఫ్తార్‌కు ఒకటి అని సర్దుకోవాల్సి వచ్చేది. ఒకే మాత్ర వచ్చాక ఆ బాధ తగ్గింది. ఇఫ్తార్‌ తర్వాతో, సహర్‌కో... ఏదో ఒక వేళ నిర్ణయించుకుని నెలంతా దానికే కట్టుబడితే చాలు. అయితే ఇఫ్తార్‌లో సమోసాలు, మిర్చీలు తిని గుండెల్లో మంటగా ఉందని యాంటాసిడ్‌ తాగితే అది డోలుటెగ్రావిర్‌ను ఒంట్లోకి చేరనివ్వదు. మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాత యాంటాసిడ్‌ తాగవచ్చు. ముందే తాగితే మాత్రకు ఆరు గంటలు ఆగాలి. జబ్బుతో ఉన్నవారికి ఉపవాసం నుంచి మినహాయింపు మతంలోనే ఉంది కాబట్టి నీరసంగా ఉన్నవాళ్లు, క్షయ కూడా ఉన్నవాళ్లు డాక్టర్‌ మాట వినడమే మేలు. చార్మినార్‌ పక్కనే యునానీ ఆస్పత్రి ఉంది. అక్కడి మందులు గానీ, మరెక్కడి మూలికలు గానీ వాడుతుంటే ఏఆర్‌టీ డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఇది ఈ నేలకు కొత్త కాదు

మందు చేసే మేలుతోపాటు కీడునూ తూచి చూసే పరిశోధన పాతబస్తీ వాకిట్లో 19వ శతాబ్దంలోనే జరిగింది! ఆపరేషన్లలో వాడే క్లోరోఫాం గుండెను ఆపుతుందా, ఊపిరినా అని తేల్చేందుకు 1888, 1889ల్లో రెండు ‘హైదరాబాద్‌ క్లోరోఫాం కమిషన్లు’ పనిచేశాయి. సారథి డాక్టర్‌ ఎడ్వర్డ్‌ లారీ. డబ్బిచ్చింది ఆరో నిజాం మహబూబ్‌ అలీఖాన్‌. రెండో కమిషన్‌ కోసం లండన్‌ నుంచి లాడర్‌ బ్రంటన్‌ వచ్చారు. ముందు ఆగేది ఊపిరేనని వారు తేల్చారు. గుండె కూడా హఠాత్తుగా ఆగవచ్చని 1911లో లండన్‌లో లెవీ నిరూపించారు. తేలిన విషయాన్ని మళ్లీ మళ్లీ పరీక్షించాల్సిందేనని చెప్పే పాఠమది.

ఇక ఆరునెలలకో సూది?

మందు సరిగ్గా వేసుకుంటూ రక్తంలో వైరస్‌ కనిపించని స్థాయికి తగ్గితే భాగస్వామికి శృంగారం ద్వారా అది సోకదని పెద్ద అధ్యయనాలు నిరూపించాయి. అందుకే 2017 నుంచి మన దేశంలో సీడీ4 కణాల సంఖ్యతో పనిలేకుండా పాజిటివ్‌ అని తేలిన ప్రతి ఒక్కరికీ మందులిస్తున్నారు. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని, వివక్ష చూపకూడదని చెప్పే చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది.

ఇప్పుడు ఆరునెలలకోసారి వేసుకునే లెనకాపవిర్‌ ఇంజక్షన్‌ వార్తల్లోకెక్కింది. 2024లో వెల్లడైన ఆఫ్రికా అధ్యయనంలో దీన్ని తీసుకున్న 2,134 మంది మహిళల్లో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు. సూది గుచ్చిన చోట గడ్డ కట్టడం దీని ప్రధానమైన ఇబ్బంది. ఇది వ్యాధి రాకుండా కాపాడే మందు. ఇప్పటికే హెచ్‌ఐవీ ఉన్నవారి రోజువారీ మాత్రకు బదులు కాదు. దీన్ని చౌకగా తయారుచేసే అనుమతి పొందిన ఆరు కంపెనీల్లో డాక్టర్‌ రెడ్డీస్‌, హెటెరో ఉన్నాయి. 2027 నుంచి పేద దేశాలకు ఏడాదికి సుమారు 40 డాలర్లకే ఇస్తామని 2025లో ప్రకటించాయి.

మరచిపోవద్దు

* ఇబ్బంది ఏదైనా మాత్ర సొంతంగా మానొద్దు. డాక్టరుకు చెబితే మందు మారుస్తారు.

* ఒంటి నిండా దద్దుర్లు, నోట్లో పుండ్లు, కళ్లు పచ్చబడటం, ఆయాసం... వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

* ఐరన్‌, కాల్షియం మాత్రలు వాడే గర్భిణులు వాటిని టీఎల్‌డీతో కలిపి వేసుకోవాలంటే భోజనంతోనే వేసుకోవాలి. లేదంటే యాంటాసిడ్‌కు చెప్పిన గడువే పాటించాలి.

* సందేహాలుంటే పేరు చెప్పకుండానే 1097 ఉచిత హెల్ప్‌లైన్‌కు ఫోన్‌ చేయవచ్చు.

ఒకప్పుడు ‘ఈ మందు పడటం లేదు’ అంటే ‘ఓర్చుకో’ అనడం తప్ప వైద్యుల దగ్గర మరో మాట ఉండేది కాదు. ఇప్పుడు ‘మారుద్దాం’ అనగలుగుతున్నారు. ఆ మాట వినాలంటే రోగి ముందు నోరు విప్పాలి. విప్పేలా ఇంట్లోవాళ్లు అండగా నిలవాలి. అదొక్కటీ ఏ ఫ్యాక్టరీలోనూ తయారవదు!