కంటి వెనుక కొలిచే మెదడు ఒత్తిడి

నాన్నగారికి లేహ్ బదిలీ అయినప్పుడు కాకినాడ సముద్రతీరం నుంచి ఒక్కసారిగా 3,500 మీటర్ల ఎత్తుకు చేరాం. మొదటి రెండు రోజులూ ఒకటే తలనొప్పి. విశ్రాంతితో తగ్గిపోయింది. కానీ ఇంకా పైకి వెళ్లిన వారిలో అరుదుగా మెదడు వాస్తుందనీ, అప్పుడు వెంటనే కిందికి దించకపోతే ప్రాణానికే ముప్పనీ డాక్టరు గారు చెప్పారు. మరి పుర్రె లోపలి సంగతి బయటికి తెలిసేదెలా?

పుర్రె గట్టి ఎముక పెట్టె. అది సాగదు. అందులో మెదడు, రక్తం, మస్తిష్క మేరుద్రవం సర్దుకుని ఉంటాయి. తలకు దెబ్బ తగిలి లోపల రక్తస్రావమైనా, మెదడు వాచినా చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. పడుకున్న పెద్దవారిలో ఇది మామూలుగా 7 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం. 20 దాటితే ప్రమాదం. కచ్చితంగా కొలవాలంటే పుర్రెకు రంధ్రం చేసి సన్నని గొట్టం పెట్టాలి. వినడానికే భయం!

ఇక్కడే కన్ను సాయపడుతుంది. దృక్ నాడిని మనం కంటి భాగం అనుకుంటాం గానీ, నిజానికి అది మెదడు చాచిన కొమ్మ. మెదడును కప్పే పొరలే దానికీ తొడుగవుతాయి. ఆ తొడుగులోనూ అదే ద్రవం ఉంటుంది. తలలో ఒత్తిడి పెరిగితే ద్రవం ఇటు తోసుకొచ్చి, గాలి కొట్టిన సైకిల్ ట్యూబులా తొడుగు ఉబ్బుతుంది.

మూసిన రెప్ప మీద జెల్ రాసి, కనుగుడ్డును నొక్కకుండా అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఆనిస్తారు. తెర మీద కనుగుడ్డు నల్లని బంతిలా, నాడి దాని వెనుక నల్లని చారలా కనిపిస్తాయి. కనుగుడ్డుకు 3 మిల్లీమీటర్ల వెనుక తొడుగు వెడల్పు కొలుస్తారు, ఎక్కువగా ఉబ్బేది అక్కడే కాబట్టి. పెద్దవారిలో సుమారు 5 మిల్లీమీటర్ల లోపు ఉంటే మామూలే. 6 చేరితే అనుమానం బలపడుతుంది. మీ జామెట్రీ బాక్సులోని స్కేలు తీసి చూడండి, తేడా ఒక్క చిన్న గీత! అందుకే కొలిచే చేయి బాగా అలవాటుపడి ఉండాలి. రెండు కళ్లూ చూస్తారు. కనుగుడ్డు చిట్లిందన్న అనుమానముంటే మాత్రం ఈ పరీక్ష జోలికి పోరు.

ఇది ఒత్తిడి ఎంతో అంకె చెప్పదు, పెరిగి ఉండవచ్చని హెచ్చరిస్తుంది. సీటీ స్కాన్‌కు బదులూ కాదు. కానీ స్కాన్ యంత్రాన్ని కొండ మీదికి మోసుకెళ్లలేం. ఈ యంత్రమైతే చేతిసంచిలో పడుతుంది. నొప్పి లేదు, ఎక్స్‌రే కిరణాలు లేవు. తల దెబ్బతో స్పృహ లేని మనిషిని ముందుగా పెద్దాసుపత్రికి పంపాలా అన్న నిర్ణయానికి కొద్ది నిమిషాల్లో ఒక ఆధారం దొరుకుతుంది.