ఢమరుకం నడుములో బెల్టు

నెదర్లాండ్స్‌లో ఒకప్పుడు కార్లను వెనక్కి నడిపే పందేలు జరిగేవి. అందులో ఒక బుల్లి కారును చూసి మిగతావి భయపడాల్సిందే. అది ముందుకు ఎంత జోరుగా పోతుందో, వెనక్కీ అంతే జోరుగా పోగలదు. గేరుబాక్సు ఉండాల్సిన చోట దానికి రబ్బరు బెల్టులు ఉండటమే కిటుకు.

ఐండ్‌హోవెన్‌లో లారీలు, ట్రెయిలర్లు తయారుచేసే హబ్ వాన్ డోర్న్ సృష్టి అది. 1958లో జనం ముందుకు తెచ్చిన డాఫ్ 600 అనే ఆ కారు ఇంజను 590 సీసీ మాత్రమే. క్లచ్ తొక్కే పని లేదు, గేరు మార్చే పని లేదు. ఆ ఏర్పాటుకు వేరియోమాటిక్ అని పేరు పెట్టారు.

ఢమరుకాన్ని అడ్డంగా పట్టుకుని దాని సన్నని నడుముకు బెల్టు చుట్టినట్టు ఊహించండి. ఢమరుకం రెండు సగాలూ దగ్గరికి జరిగితే సందు ఇరుకై బెల్టు అంచులకేసి పైకి లేస్తుంది. ఎడమైతే నడుములోకి దిగిపోతుంది. ఇలాంటి గిలకలు రెండు: ఒకటి ఇంజను వైపు, మరొకటి చక్రాల వైపు. బండి కదిలేటప్పుడు ఇంజను గిలకలో బెల్టు అడుగున, చక్రాల గిలకలో అంచున ఉంటుంది. చిన్న చుట్టు పెద్ద చుట్టును తిప్పుతుంది కాబట్టి వేగం తక్కువ, బలం ఎక్కువ. ఇంజను వేగం పెరిగేకొద్దీ మొదటి గిలకలోని బరువులు బయటికి విసురుకుని దాని సగాలను దగ్గరికి నెడతాయి. అక్కడ బెల్టు లేస్తుంది, చక్రాల గిలకలో దిగుతుంది. మెట్లెక్కాల్సిన చోట వాలుదారి వేసినట్టు.

చదునైన డచ్చి రోడ్ల మీద హాయిగా తిరిగిన ఈ ఉపాయం అడవి దారుల బళ్లలోకీ చేరింది. మంచు మీద నడిచే బళ్లు తయారుచేసే అమెరికా కంపెనీ పొలారిస్, 1985లో బెల్టుతో నడిచే ఏటీవీలను, అంటే ఎలాంటి దారిలోనైనా నడిచే బళ్లను, తెచ్చింది. బెల్టుకు అసలు పరీక్ష ఈ దారుల్లోనే.

బెల్టు పట్టంతా రాపిడిలోనే ఉంది. బురదలో చక్రాలు కూరుకుపోయినప్పుడు యాక్సిలరేటర్ నొక్కితే గిలక తిరుగుతుంది, బెల్టు కదలదు. రాసుకున్న ఆ ఒక్కచోటే కాలి, అరిగి, పలచబడుతుంది. ఆ తర్వాత బండి కదిలిన ప్రతిసారీ ఆ పలచని చోటు ఒక కుదుపు ఇస్తుంది. అందుకే నిటారు ఎక్కుళ్లలో, బురదలో, బరువు లాగేటప్పుడు ఈ బళ్లలో ఉండే ‘లో’ గేరు వేయాలి. బెల్టు పెట్టెలోకి చల్లగాలి పీల్చే గొట్టానికి ఆకులు, మట్టి అడ్డం పడకుండా చూడాలి. నీళ్లు చేరితే బెల్టు జారుతుంది. అప్పుడు పెట్టె అడుగున ఉన్న బిరడా తీసి నీళ్లు వంచేసి, న్యూట్రల్‌లో ఇంజనును రేజ్ చేసి ఆరబెట్టాలి.

ఇంజనుకూ గాలే ప్రాణం. ఒక లీటరు పెట్రోలు మండాలంటే దాదాపు 9,000 లీటర్ల గాలి కావాలి. దుమ్ము దారిలో ఆ గాలితోపాటు సన్నని ఇసుక వస్తుంది. ఇసుకలోని క్వార్ట్జ్ మామూలు ఉక్కును గీకగలదు. ఫిల్టరు దాటి లోపలికి వెళ్తే ఇంజనాయిలుతో కలిసి సానబెట్టే ముద్దగా మారుతుంది. సిలిండరు గోడను, పిస్టన్ రింగులను అరగదీస్తుంది. నీలిపొగ కనిపించేసరికి నష్టం జరిగిపోయి ఉంటుంది.

స్పాంజి ఫిల్టరైతే కడిగి, బాగా ఆరనిచ్చి, దానికి తగిన నూనె పట్టించి, పిండి బిగించాలి. ఆ నూనెకే దుమ్ము అంటుకుంటుంది. మన పాత ట్రాక్టర్లలో నూనె గిన్నె ఉన్న ఎయిర్ క్లీనరుదీ ఇదే సూత్రం. కాగితం ఫిల్టరును మాత్రం కడగకూడదు, మార్చాలి. ఏ రకమైనా అంచు సరిగ్గా కూర్చోకపోతే ఎంత శుభ్రం చేసినా దండగే. గాలి దుమ్ముతో సహా ఆ సందులోంచే దూరుతుంది.

మన వీధుల్లోని గేర్లు లేని స్కూటరుకు ఎడమపక్క పొడవాటి పెట్టె ఉంటుంది చూడండి, అందులోనూ ఇదే బెల్టు. మూత విప్పినప్పుడు నల్లటి పొడి దండిగా రాలితే అందులో అరిగిన రబ్బరు ఉన్నట్టే. వాన్ డోర్న్ డ్రైవరు ఎడమకాలికి విశ్రాంతి ఇచ్చాడు. గేర్లు మార్చే పని మాత్రం మాయం కాలేదు. ఆ పెట్టెలో బెల్టు చేస్తోంది.